ఉండాది చెంగల్రాయుడు

చెంగల్రాయుడి నోట్లో "లేదు" అనే మాట లేదు. నమ్మకం కుదరకపోతే ఆయన్నే అడిగి చూడండి. "ఏమప్పా, నీ నోట్లో లేదనే మాట ఉందా?" అంటే తడుముకోకుండా "ఉండాది" అంటాడు. కావాలంటే ఇప్పుడే లోపలికి పోయి తెచ్చి చూపిస్తానన్నంత ధీమాగా అంటాడు.

తెలుగిళ్ళలో బియ్యం అయిపోతే "లేవు" అనరు, "నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. పైన తథాస్తు దేవతలు చెవులు రిక్కించుకుని కూర్చుంటారని పెద్దవాళ్ళ భయం. చెంగల్రాయుడి తల్లి ఆ భయాన్ని కొడుక్కి ఉగ్గుపాలతో పట్టించింది. ఆవిడ బియ్యానికీ దీపానికీ చెప్పిన నియమాన్ని ఈయన ఏసీకీ వైఫైకీ కూడా వర్తింపజేశాడు. తల్లి పుణ్యాత్మురాలు, చెప్పి వెళ్ళిపోయింది. అనుభవిస్తున్నది పెళ్ళాం నాగులమ్మ.

పాకాల దాటాక, చంద్రగిరి వైపు హైవే మీద పోకుండా, గుట్టల మధ్యలోంచి పోయే పాత కాలిబాట ఒకటుంది. తమిళుల పెరటాసి నెలలో గుడియాత్తం, వేలూరు వైపు నుంచి పసుపు గుడ్డలు కట్టుకుని శ్రీవారి కొండకు నడిచిపోయే గుంపులు చిత్తూరు, పూతలపట్టు మీదుగా వచ్చి ఈ బాట పడతాయి. మిగతా నెలల్లో బెంగళూరు, చెన్నై ట్రెక్కింగు క్లబ్బుల వాళ్ళు వస్తారు. సొంత ఊళ్ళో లిఫ్టు పని చెయ్యకపోతే ఆఫీసుకు సెలవు పెట్టే మనుషులు, వీపున మూటలు కట్టుకుని, చేతికో కర్ర చొప్పున పట్టుకుని, ఇక్కడ గుట్టలెక్కుతారు. ఈ బాట మధ్యలో, ఏ ఊరికీ దగ్గర కాని ఒక మిట్ట. మిట్ట మీద మామిడి చెట్లు, ఒక రేకుల షెడ్డు, దాన్నానుకుని చెంగల్రాయుడి ఇల్లు. నడిచేవాళ్ళకు చుట్టుపక్కల తల దాచుకునే చోటు అదొక్కటే. ఇంకోటి ఉంటే అందరూ అక్కడికే పోయుండేవాళ్ళని నాగులమ్మ గట్టి నమ్మకం.

నిజానికి ఆ షెడ్డు మనుషుల కోసం వేసింది కాదు, మామిడికాయల కోసం వేసింది. ఒక ఎండాకాలం సాయంత్రం గాలివాన పట్టుకుంటే, నడిచిపోయే గుంపొకటి వచ్చి "పడుకునేదానికి రవంత తావుండాదా?" అని అడిగింది. షెడ్డు నిండా కాయలున్నాయి. చెంగల్రాయుడు "ఉండాది" అన్నాడు. ఆ రాత్రి మనుషులు లోపల, కాయలు బయట. తడిసిన కాయల్ని బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీకి తోలితే అక్కడివాళ్ళు ముక్కు మూసుకుని బండిని వెనక్కి తిప్పి పంపారు. "కాయలు మల్లేటికి మల్లా కాస్తాయిలే" అన్నాడు చెంగల్రాయుడు. కాయలు మళ్ళీ కాశాయిగానీ, షెడ్డు మాత్రం వాటికి మళ్ళీ దక్కలేదు. ఆ విధంగా జిల్లాలోకెల్లా మారుమూల బస ఒకటి, యజమానురాలి అనుమతి లేకుండా వెలిసింది.

వ్యాకరణం ప్రకారం "ఉండాది" వర్తమాన కాలం. చెంగల్రాయుడి నోట్లో అది భవిష్యత్తు. నాగులమ్మ చెవిన పడేసరికి ఆజ్ఞ. అడిగినవాళ్ళకు ఉండాదని చెప్పీ చెప్పక ముందే ఆయన తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని మిట్ట దిగి పాల్ ఇంటికి పరుగెత్తుతాడు. పాల్ మిట్ట కింద పాడి పెట్టుకున్న ఆసామి. ఫ్రిజ్జు, జనరేటరు, మోటారు సైకిలు, పాలిచ్చే ఎనుములు ఉన్నవాడు. చెంగల్రాయుడి లెక్కలో పాల్ ఇంట్లో ఉన్నది తన ఇంట్లో ఉన్నట్టే. అక్కడా దొరక్కపోతే పాకాల అంగట్లో ఉన్నా ఉన్నట్టే. లోకంలో యాడో ఒక తావున ఉండే వస్తువును లేదంటే అది అబద్ధం గాదా అని ఆయన వాదన.

పాల్ కూడా అలవాటు పడిపోయాడు. మిట్ట మీద నుంచి తువ్వాలు దిగి రావడం కనిపిస్తే చాలు, చేస్తున్న పని ఆపి అడుగుతాడు. "ఏం చెంగల్రాయన్నా, ఈ పొద్దు మా ఇంట్లో ఏముండాదని చెప్పి వొచ్చినావు?"

"ఐసు."

"ఉండాదా మా ఇంట్లో?"

"ఉండాదని చెప్పేసినా గదప్పా. నువ్వు ఫ్రిజ్జు తెరిసి సూడు."

బెంగళూరు క్లబ్బు నాయకుడు దయానంద్ మొదటిసారి వచ్చినప్పుడు చెమటలు తుడుచుకుంటూ "అంకుల్, ఏసీ రూమ్ ఉందా?" అన్నాడు. "ఉండాది" అన్నాడు చెంగల్రాయుడు. గంటలో ఏసీ తయారైంది. కిటికీలకు గోతాలు వేలాడదీసి, వాటి మీద నీళ్ళు చిలకరించడమే ఆ యంత్రం. దాని మోటారు పేరు నాగులమ్మ. గోతాలు ఆరినప్పుడల్లా చెంబు పట్టుకుని ఆమె తిరుగుతుంటే, లోపల దయానంద్ బృందం "ఏసీ కొంచెం తగ్గించమని చెప్పండి, చలేస్తోంది" అంది. చెంబు పట్టుకున్న చెయ్యి గాల్లో ఎందుకు ఆగిందో, లోపలున్నవాళ్ళ నెత్తిన ఎందుకు పడలేదో నాగులమ్మకు ఇప్పటికీ తెలియదు.

వైఫై కూడా ఉంది. షెడ్డు వెనక ఏనుగు వీపంత బండ ఎక్కి, పాకాల వైపు తిరిగి, ఒంటికాలి మీద నిలబడితే వస్తుంది. ఒంటికాలి నిబంధన ఎందుకో ఎవరూ అడగలేదు. రెండో కాలు పెట్టే చోటు లేదని చెంగల్రాయుడు చెప్పలేడు గదా.

వెస్టర్న్ టాయిలెట్ కావాలన్న ఒక పెద్దాయన కోసం, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఎర్ర ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంపంతో కంత కోశాడు. ఆయన పని ముగించుకుని దీవించి పోయాడు. కుర్చీ మాత్రం ఎటూ కాకుండా పోయింది. అప్పటి నుంచి ఆ ఇంటికొచ్చిన చుట్టాలను కూర్చోమంటే, ముందు వంగి చూసి, తర్వాత నిలబడే మాట్లాడతారు.

చెన్నై నుంచి వచ్చిన అమల అనే అమ్మాయి మరీ విడ్డూరమైన కోరిక కోరింది. "అంకుల్, గ్లూటెన్ ఫ్రీ ఫుడ్ ఉందా?"

"ఉండాదమ్మా" అని చెంగల్రాయుడు వంటింట్లోకొచ్చాడు. "మే నాగులూ, ఆ పాపకు గ్లూటెన్ ఫ్రీగా కావాలంట. ఎంత కావాలన్నా ఎయ్యి, దుడ్లు మాత్రం అడగొద్దు."

"అదేందయ్యా అది?"

"నాకేం తెలుసు? మనింట్లో ఉండాదని చెప్పేసినా."

ఇంట్లో ఉన్నది రాగి సంగటి, నంజుకోడానికి ఊరిబిండి పచ్చడి. నాగులమ్మ అదే పెట్టింది. అమల ముద్ద చేతిలోకి తీసుకుని "ఇందులో గోధుమ లేదు కదా?" అంది. చెంగల్రాయుడికి ముచ్చెమటలు పోశాయి. లేదని చెప్పాలి, చెప్పడానికి నోరు రాదు. ఉందంటే పిల్ల తినదు. పై కప్పు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. చివరికి "రాగి ఉండాది" అన్నాడు. ఆ పిల్ల సంగటి తిని, ఊరికి పోయి, ఈ మారుమూల మిట్ట మీద గ్లూటెన్ ఫ్రీ వంట దొరుకుతుందని ఊరంతా టముకు వేసింది. ఆ తర్వాత అలాంటివాళ్ళు గుంపులు గుంపులుగా రాసాగారు. నాగులమ్మ తెడ్డు అరిగిపోయింది.

మంచికైతే సరే, చెడుకి కూడా ఆయన మాట అదే. ఒక గుంపు పక్కలు పరుచుకుంటూ "ఇక్కడ దోమలున్నాయా?" అని అడిగింది. "ఉండాయి" అన్నాడు. "పాములు?" "ఉండాయి సార్, రెండు మూడు రకాలు ఉండాయి." "ఎలుగుబంట్లు కూడానా?" "ఉండాయి. సీతాఫలాల కాలంలో వొస్తాయి." ఏదో వడ్డించబోతున్న వాడిలా అంత సంబరంగా చెప్పేసరికి, ఆ గుంపు పక్కలు చుట్టేసి పాల్ ఇంటి మిద్దె మీదకి పోయి పడుకుంది. ఆ రాత్రి నాగులమ్మ పాముల పుణ్యాన హాయిగా నిద్రపోయింది.

మొగుడి చేత ఒక్కసారి "లేదు" అనిపించాలని ఆమె చెయ్యని ప్రయత్నం లేదు.

"ఏమయ్యా, నీకు బుద్ధుండాదా?"

"ఉండాది."

"సిగ్గుండాదా?"

"అదీ ఉండాది."

"మరి ఎవురికోసం దాసిపెట్టినావు, రవంత బయటికి తియ్యగూడదా?"

చెంగల్రాయుడు నవ్వి తువ్వాలు భుజాన వేసుకునేవాడు. ఎవరో అప్పటికే వాకిట్లోంచి ఉడుకు నీళ్ళున్నాయా అని అడుగుతూ ఉంటారు.

ఇలా ఉండగా ఒక పెరటాసి మధ్యాహ్నం ఒకావిడ ఒంటరిగా మిట్టెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. నేత చీర, చేతిలో గొడుగు, భుజాన గుడ్డ సంచి. చీర కింద తెల్లటి గుడ్డ బూట్లు. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పితే పాదాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. పేరు వకుళాదేవి అని, చిత్తూరు నుంచి నడిచొస్తున్నానని చెప్పింది. ఆ తర్వాత ఏమీ అడగలేదు.

చెంగల్రాయుడు కంగారు పడిపోయాడు. వచ్చిన మనిషి ఏదో ఒకటి అడక్కపోతే ఆయనకు ఊపిరాడదు. చుట్టూ తిరిగాడు. "ఉడుకు నీళ్ళు ఉండాయమ్మా." "వద్దండీ." "మజ్జిగ ఉండాది." "పర్లేదండీ." "ఏసీ ఉండాది." లోపల నాగులమ్మ చెయ్యి చెంబు మీదికి పోయింది. అదృష్టం బాగుండి ఆవిడ అదీ వద్దంది. ఆఖరికి చెంగల్రాయుడు చేతులు నలుపుకుంటూ "ఏదో ఒగటి అడుగు తల్లీ" అని బతిమాలాడు.

వకుళాదేవి వచ్చిన బాట వైపు ఒకసారి తిరిగి చూసింది. "నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు దొరక్కుండా ఉండే చోటేమైనా ఉందా?"

"ఉండాది" అన్నాడు చెంగల్రాయుడు.

నాగులమ్మ నెత్తి కొట్టుకుంది. షెడ్డుకు తలుపే లేదు. ఇంటి తలుపుకు గడియ పడదు. ఎవరైనా వచ్చి గట్టిగా దగ్గితే తెరుచుకుంటుంది. అందులో మనిషిని దాస్తాడట!

సంగటి కోసం ఎసరు పెడుతూ నాగులమ్మ ఆవిడ సంగతేమిటని కనుక్కుంది. వకుళాదేవిది తరతరాలుగా గుళ్ళో కైంకర్యం చేసే ఇల్లు. ఆవిడ బళ్ళో తెలుగు చెప్పి ఈమధ్యే రిటైరైంది. తమ్ముడు పరాశర్ చిత్తూరులో ఒక గుడి ట్రస్టు ఆఫీసులో అధికారి. "మా ఇంట్లో నేను స్వామిని చూడ్డమంటే కార్లో పోవడం, పక్క గేటులో దూరడం, బయట పడడం. దణ్ణం పెట్టడానికి చేతులెత్తేలోపు అయిపోతుంది. ఒక్కసారి, అందరిలాగా నడిచి, క్యూలో నిలబడి చూడాలని ఉందిరా అన్నాను. వాడు మొదట నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. మనింటి ఆడవాళ్ళు రోడ్డున పడి నడుస్తారా, నా పరువేం కావాలన్నాడు."

"చెప్పకుండా వొచ్చేసినారా?"

"చెప్పే వచ్చాను. రోజూ ఫోన్ చేసి క్షేమమంటున్నాను. ఎక్కడున్నదీ మాత్రం చెప్పలేదు. వాడు కారేసుకుని ఆ సత్రం, ఈ సత్రం వెతుకుతున్నాడు."

"కనిపిస్తే మాత్రం ఏమిలేమ్మా, రాను పో అనండి."

వకుళాదేవి తల అడ్డంగా ఊపింది. "అదే రాదమ్మా నాకు. మా నాయన దగ్గర మొదలుపెట్టి తమ్ముడి దాకా, ఎవరేం చెప్పినా సరేననడమే అలవాటు. వాడు ఎదురుగా నిలబడి కారెక్కు అంటే ఎక్కేస్తాను. నాకు తెలుసు. ఇంత దూరం నడిచిందంతా వృథా అయిపోతుంది."

నాగులమ్మకు ఆవిడ మీద జాలేసింది. ఒక మాట నోట రానివాడితో కాపురం చేస్తున్న మనిషి కాబట్టి, ఆ జబ్బు ఎంత మొండిదో ఆమెకు బాగా తెలుసు. వకుళాదేవిని వంటింట్లో మూలగా కూర్చోబెట్టి, పళ్ళెంలో వేడి వేడి సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, బాటలో కారు హారను వినిపించింది.

ఆ బాటలో కారు రావడం అదే మొదటిసారి. రెండు వైపులా తుమ్మ కంపలు తెల్ల కారు ఒంటి మీద ఇష్టమొచ్చినట్టు గీతలు గీసి పంపాయి. అందులోంచి పరాశర్ దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో ఆఫీసు ట్యాగు. కంపచెట్లు గుర్తు పట్టవేమోనని వేసుకొచ్చినట్టున్నాడు. నాగులమ్మ కిటికీ సందులోంచి చూసింది. చెంగల్రాయుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో తెడ్డుతో సైగ చేసింది, తల ఊపింది, నోటి మీద వేలేసుకుంది. మొగుడు ఇటు చూస్తే గదా. ఇంకేముంది, అయిపోయిందనుకుంది. ఉందా అని అడగడమే ఆలస్యం, వకుళాదేవి కార్లో ఉంటుంది.

"ఏమయ్యా, కారు తిప్పుకోడానికి చోటుందా?" అన్నాడు పరాశర్.

"ఉండాది సామీ."

డ్రైవరు తిప్పబోయాడు. వెనక చక్రం మామిడి చెట్టు పాదులో దిగబడింది. పరాశర్ పళ్ళు కొరికాడు.

"మంచినీళ్ళ బాటిలుందా? సీలు వేసింది."

"ఉండాది."

పరాశర్ నిలబడ్డాడు. చెంగల్రాయుడు కూర్చున్నాడు. నీళ్ళు రాలేదు.

"ఫిల్టరు కాఫీ అయినా ఉందా?"

"ఉండాది సామీ, కమ్మగా ఉండాది."

కాఫీ రాలేదు. నాగులమ్మ అప్పుడు గమనించింది. ఆయన తువ్వాలు ఒళ్ళోనే ఉంది. మామూలుగా "ఉం" అన్నప్పుడే తువ్వాలు భుజానికెక్కి, "డాది" అనేసరికి మనిషి సగం మిట్ట దిగుంటాడు. ఇవాళ అరుగుకు అంటించినట్టు కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని ఆమెకు భయమేసింది.

"కూర్చోడానికి కుర్చీ?"

"ఉండాది." ఈసారి మాత్రం చెయ్యి చాచి ఎర్ర కుర్చీ చూపించాడు. పరాశర్ కూర్చోబోయి, వంగి చూసి, గభాల్న లేచాడు. ముఖం కుర్చీ రంగుకొచ్చింది.

"ఏమిటయ్యా ఇది? అన్నీ ఉన్నాయంటావు, ఒక్కటీ రాదు! నీ దగ్గర లేనిదేమిటో చెప్పు, అదైనా అడుగుతాను!"

"అన్నీ ఉండాయి సామీ."

"పాకాల టీ అంగట్లో చెప్పారు, నడిచేవాళ్ళంతా ఇక్కడ ఆగుతారని. మా అక్కయ్య వచ్చిందా? వకుళాదేవి అని, పెద్దావిడ. ఉందా ఇక్కడ?"

వంటింట్లో వకుళాదేవి చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారింది. అలవాటు కొద్దీ లేవబోయింది. నాగులమ్మ ఆమె భుజం పట్టుకుని అదిమి కూర్చోబెట్టింది. బయట చెంగల్రాయుడు ఎప్పటి గొంతుతోనే చెప్పాడు.

"ఉండాది సామీ. లోపల సంగటి తింటా ఉండాది."

పరాశర్ ఆయన్ని పై నుంచి కిందికి చూశాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, చిత్తూరు వదిలాక మొదటిసారి నవ్వాడు. "విన్నావటయ్యా? మా అక్కయ్య! సంగటి! ఇంటి గడప దాటితే అన్నం మెతుకు కూడా ముట్టని మనిషి!" నవ్వుతూనే మెట్టు దగ్గరున్న బూట్లు చూశాడు. "మరి ఆ బూట్లెవరివి?"

"అమ్మగారియ్యే సామీ."

"బూట్లు కూడా వేసుకుందట! బాగుంది. ఫిల్టరు కాఫీ ఎక్కడుందో మా అక్కయ్యా అక్కడే ఉండుంటుంది. పద, ఈ పిచ్చివాడితో మనకేమిటి."

కారు పాదులోంచి కదల్లేదు. అప్పుడు చెంగల్రాయుడు లేచాడు. "తోసేదానికి మనిషుండాడు సామీ" అని తువ్వాలు నడుముకు బిగించి, భుజం పెట్టి ఒక్క తోపు తోశాడు. తెల్ల కారు మిగిలిన కంపల చేత కూడా గీయించుకుంటూ బాట వెంట వెనక్కి పోయింది.

నాగులమ్మ తెడ్డుతో సహా బయటికొచ్చింది. "ఏమయ్యా, ఒక్క మాట లేదంటే నీ సొమ్మేం పోతాది? ఆయప్ప లోపలికి తొంగి సూసుంటే ఆయమ్మ గతేంది?"

"ఉండే మనిషిని లేదని ఎట్ల చెప్పేది? నా నోట్లో రాదే" అన్నాడు చెంగల్రాయుడు.

వెనకే వకుళాదేవి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, నోట్లో నవ్వుంది, వేళ్ళకు సంగటి అంటుకుని ఉంది. "మీరు ఉందనగానే నా ప్రాణం పోయిందండీ. వాడు నమ్మడని మీకెలా తెలుసు?"

"నీళ్ళు ఉండాయన్నా, వొచ్చినాయా? కాఫీ ఉండాదన్నా, వొచ్చిందా? మూడోది ఎవురు నమ్ముతారమ్మా?"

నాగులమ్మ తెడ్డు దించింది. "నేనూ అదే సూస్తా ఉండా. అడిగినోళ్ళకంతా పాల్ ఇంటి మింద పడి తెచ్చిస్తావే, ఆయప్పకు గలాసుడు నీళ్ళు గూడా ఎందుకియ్యలేదు?"

చెంగల్రాయుడు వింతగా చూశాడు, ఇంత చిన్న విషయం పెళ్ళానికి తెలియదా అన్నట్టు. "ఆయన కార్లో వొచ్చినాడు గదే. కార్లో వొచ్చినోనికి ఈడ లేదంటే ఇంగో తావుకు పోతాడు. నడిసొచ్చినోనికి లేదంటే యాడికి పోతాడు? వాడి కాళ్ళు ఈడిదాకానే గదా వొస్తాయి."

తడిసిన గోతాలు, కంత పడిన కుర్చీ, వానలో నానిన మామిడికాయలు, తెల్లారిందాకా మండిన పొయ్యిలు, అన్నీ నాగులమ్మ కళ్ళ ముందు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఈయనకు లేదనడం చేతగాదనుకుంది. నోటితో అనకపోయినా చేతలతో లేదనగలడనీ, లేదంటే నిలబడలేనివాళ్ళకు మాత్రమే అలా అనడం లేదనీ ఇప్పుడు తెలిసింది. మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. అది ఆయనకు కనిపిస్తే రేపట్నుంచి ఎన్ని ఉండాదులు వినాలోనని, "సాల్లే సంబడం, పొయ్యి కాడికి కట్టెలు తే" అని కసిరి లోపలికి పోయింది.

మర్నాడు వెలుగు రాకముందే వకుళాదేవి బూట్లు కట్టుకుంది. నాగులమ్మ కూడా ఉతికిన చీర కట్టుకుని, సద్ది మూట చేత పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"నువ్వు యాడికే?" అన్నాడు చెంగల్రాయుడు.

"ఆయమ్మను ఒక్కదాన్నే పంపిస్తామా? నేనూ కొండకు పోయొస్తా. పెండ్లయి వొచ్చినకాడ్నుంచి ఈ బాటలో పోయేవాళ్ళకు వొండి పెడతానే ఉండా. ఈ బాట యాడికి పోతాదో ఒగసారన్నా సూడొద్దా?"

"ఈడ పనో?"

"ఉండాది."

"వొచ్చినోళ్ళకు వొండి పెట్టేదానికి మనిషో?"

"ఉండాడు" అని ఆయన్నే చూపించి నాగులమ్మ మిట్ట దిగింది.

రాత్రి దారిలో ఒక పల్లెలో పడుకుని, మరుసటి మధ్యాహ్నానికి ఇద్దరూ శ్రీవారి మెట్టు ఎక్కుతున్నారు. మెట్లకు పసుపు పూసేవాళ్ళు, మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు, ఎక్కలేక కూర్చుని గోవిందా అనేవాళ్ళు. నాగులమ్మకు ముఖాలన్నీ తెలిసినవాళ్ళ ముఖాల్లాగే ఉన్నాయి. వీళ్ళలో ఎందరికి తను సంగటి పెట్టిందో. సగం దూరంలో వకుళాదేవి ఫోను మోగింది.

"మెట్లెక్కుతున్నానురా... అవును, మొన్న ఆ మిట్ట మీదే ఉన్నాను. ఆయన చెప్పాడు కదరా నీకు... సంగటే. రెండు ముద్దలు." అవతల నుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. ఆవిడ వింటూ నాలుగు మెట్లు ఎక్కింది. "కారు పైకి పంపొద్దు. పక్క గేటూ వద్దు. నేను క్యూలో నిలబడతా. నువ్వు పిలిచినా రాను." ఫోను పెట్టేసి, ఆ మాట అన్నది తనేనా అన్నట్టు నాగులమ్మ వైపు చూసింది. ఇద్దరికీ నవ్వాగలేదు. పక్కన మోకాళ్ళ మీద ఎక్కుతున్నాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

అంతలో నాగులమ్మ ఫోను మోగింది.

"మే నాగులూ, గుడియాత్తం గుంపు వొచ్చి ఉండాది. నిండా మంది ఉండారు. సంగటి ఉండాదా అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఉండాదన్నా."

"మంచి పని."

"పొయ్యి ముట్టించినా. పిండి దొరికింది. ఉప్పే కనపడలే. ఉప్పు యాడుండాదే?"

నాగులమ్మ మెట్టు మీద తీరిగ్గా కూర్చుంది. సద్ది మూట పక్కన పెట్టుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. వంటింట్లో ఆయన డబ్బాలన్నీ కింద పడేసుకుంటున్న చప్పుడు ఫోనులో వినబడుతోంది.

"ఇంట్లోనే ఉండాది. ఎతుక్కో."